బుడ్డల కారంతో బీన్స్ తాలింపు: నీళ్లు మిగలకుండా, పొడి మాడకుండా

బీన్స్ తాలింపు చేయడం రాదని ఎవరూ అనరు. అయినా చాలా ఇళ్లలో అది పళ్లెంలో ఒక పక్కకు మిగిలిపోతూనే ఉంటుంది. తప్పు బీన్స్‌ది కాదు, తడిది. కాయ ఉడికిన నీళ్లు బాణలిలో ఉండగానే పొడి చల్లేస్తారు. పొడి ఆ నీళ్లను పీల్చుకుని ముద్దవుతుంది, అడుగంటుతుంది, మాడు వాసన కొడుతుంది. ముక్కకేమో ఉప్పూ పట్టదు, కారమూ పట్టదు.

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇళ్లలో చేసే బుడ్డల (వేరుశనగ) కారం బీన్స్ తాలింపుకు వరస ముఖ్యం. కాయ పూర్తిగా ఉడకాలి. తర్వాత తడి పూర్తిగా పోవాలి. స్టవ్ ఆపాకే పొడి పడాలి. ఈ మూడూ తప్పకపోతే మిగతావి మీ ఇంటి అలవాటు ప్రకారం మార్చుకోవచ్చు, ఏమీ కాదు.

ఏమేం కావాలి

నలుగురికి ఒక పూటకు అర కిలో బీన్స్ చాలు. పప్పన్నంలోకో చారన్నంలోకో పక్కన నంజుకునేది కాబట్టి సరిపోతుంది. జొన్న రొట్టెల్లోకి చేస్తుంటే మాత్రం ముప్పావు కిలో తీసుకోండి, రొట్టెకు ఎక్కువ పడుతుంది.

పొడి కోసం అర కప్పు బుడ్డలు (వేరుశనగ గింజలు), రెండు చెంచాల పప్పులు (పుట్నాలు), రెండు చెంచాల ఎండుకొబ్బరి తురుము, ఎనిమిది ఒట్టిమిరపకాయలు, ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, ఆరేడు తెల్లగడ్డ పాయలు, ఒక చిన్న చెంచా ఉప్పు. తిరగవాతకు మూడు చెంచాల వేరుశనగ నూనె, అర చెంచా ఆవాలు, ఒక్కో చెంచా శనగపప్పు, మినప్పప్పు, రెండు రెబ్బల కరివేపాకు, ఒక చిన్న ఎర్రగడ్డ, చిటికెడు పసుపు. చెంచా అని ఊరికే అన్నచోట అన్నం తినే పెద్ద చెంచా అనుకోండి.

ఈ కొలతకు దాదాపు కప్పు పొడి వస్తుంది. అర కిలో బీన్స్‌కు అందులో సగం చాలు. మిగతా సగం సీసాలో పెట్టుకుంటే వంకాయకో, బెండకాయకో, ఏమీ లేనప్పుడు వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకోవడానికో పనికొస్తుంది. ఎలాగూ బాణలి పెట్టి వేయిస్తున్నప్పుడు కొంచెం ఎక్కువ చేసుకోవడమే మేలు.

కాయ ఎంచుకోవడం

బీన్స్ మన మెట్ట చేల పంట కాదు. ఎండ ముదిరితే పూత రాలిపోతుంది, అందుకే చల్లటి వాతావరణం ఉన్నచోటే బాగా పండుతుంది. మదనపల్లె వైపు నుంచీ, చిక్కబళ్లాపురం, కోలారు వైపు నుంచీ వచ్చే కాయే మన మార్కెట్లలో ఎక్కువ కనిపిస్తుంది. ఎండాకాలంలో ధర ఎక్కేది కూడా ఇందుకే. ప్రయాణం చేసి వచ్చిన కాయ కాబట్టి కొనేటప్పుడు చూసి తీసుకోవాలి.

ఒక కాయను మధ్యలో వంచండి. టప్‌మని విరిగితే లేతది, తాజాది. రబ్బరులా వంగి విరగకపోతే కోసి చాలా రోజులైందని అర్థం. పై తొక్క మీదుగా గింజలు ఉబ్బెత్తుగా కనబడుతుంటే ముదిరింది. ఎంతసేపు ఉడికించినా దాని తొక్క నారలా నోట్లో మిగులుతుంది. అలాంటివి కొన్ని వచ్చేస్తే పారేయకండి. తొక్క ఒలిచి గింజలు మాత్రం తీసి పప్పులోనో సాంబారులోనో వేసుకోండి, బాగుంటాయి.

బుట్టల మీద నీళ్లు చల్లి అమ్ముతుంటారు. ఆ తడితోనే కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకే జిగురు పడుతుంది. ఇంటికి రాగానే పాత గుడ్డ మీద ఆరబోసి, తడి పోయాక పేపర్లో చుట్టి పెట్టండి. నాలుగైదు రోజులు నిలుస్తాయి. కడగడం మాత్రం వండే రోజే.

నార తీయడం, తరగడం

ముందు కాయలు మొత్తంగా ఉండగానే కడగాలి. తరిగాక కడిగితే కోసిన అంచుల్లోంచి రుచి నీళ్లలోకి పోతుంది, ముక్కల్లో తడి ఇరుక్కుంటుంది కూడా.

తొడిమ వైపు చివరను గోటితో నొక్కి, పూర్తిగా తెంపకుండా, కాయ అంచు వెంబడి కిందికి లాగండి. నార ఉంటే దారంలా వచ్చేస్తుంది. రెండో చివర నుంచి ఇంకో అంచుకూ అలాగే. నున్నగా, సన్నగా ఉండే హైబ్రిడ్ రకాల్లో నార దాదాపు ఉండదు. నాటు బీన్స్ అని అమ్మే వాటిలో ఉంటుంది, కానీ రుచి వాటికే ఎక్కువ. కష్టమనుకోకుండా అవే తీసుకోండి.

ఎనిమిది పది కాయలు పక్కపక్కన పేర్చి, ఒకే కొలతలో చిన్న ముక్కలుగా తరగండి. చిటికెన వేలి గోరంత ముక్క సరిపోతుంది. పొడవు ముక్కలు చూడటానికి బాగానే ఉంటాయి, అవి ఫ్రైడ్ రైస్‌కు. పొడి తాలింపుకు ముక్క ఎంత చిన్నదైతే అంత ఎక్కువ పొడి పట్టుకుంటుంది. అన్నింటికన్నా ముఖ్యం ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండటం. పెద్దాచిన్నా కలిస్తే చిన్నవి మెత్తబడేసరికి పెద్దవి ఇంకా పచ్చిగానే ఉంటాయి.

పొడి: అసలు రుచంతా ఇక్కడే

ఈ వంటలో మీ ఓపిక అంతా ఎక్కడైనా పెట్టాలంటే ఇక్కడ పెట్టండి.

బుడ్డలు ముందు పళ్లెంలో పోసి ఏరండి. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు పట్టినవి, నమిలితే చేదొచ్చేవి తీసేయండి. ఇది రుచి కోసం మాత్రమే చెప్పే మాట కాదు. పంట చివర్లో వాన లేక చేను ఎండినా, కాయలు సరిగ్గా ఆరకుండా మూటకట్టినా వేరుశనగకు ఒక రకం బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయానికి చాలా చెడు చేసే పదార్థం. మన బాణలిలో వేయించే వేడికి అది పూర్తిగా పోదు. కాబట్టి అనుమానం ఉన్న గింజను మొహమాటం లేకుండా పారేయండి.

మందపాటి బాణలి, వీలైతే ఇనుపది, సన్న మంట మీద పెట్టండి. నూనె వద్దు. బుడ్డలు వేసి గరిటెతో కలుపుతూనే ఉండండి. మొదట మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత పచ్చి వాసన పోయి, పొట్టు రంగు కొంచెం ముదురుతుంది. ఇంకాసేపటికి ఒకటీ అరా గింజ చిటపటమంటుంది, పొట్టు మీద సన్నటి చీలికలు కనబడతాయి. అప్పుడు ఒక గింజ తీసి, చల్లారనిచ్చి, వేళ్ల మధ్య నలపండి. పొట్టు జారిపోయి, లోపల పప్పు రెండుగా విడిపోయి, లేత గోధుమరంగులో ఉండాలి. తెల్లగా ఉంటే ఇంకో రెండు నిమిషాలు. ఎర్రగా అయిపోయిందంటే దాటిపోయినట్టే. మొత్తం ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. మంట పెంచితే నాలుగు నిమిషాల్లో అయిపోయినట్టు కనబడుతుంది గానీ, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఆ పొడి రెండు రోజులకే కమురు వాసన వస్తుంది.

దించగానే వేరే పళ్లెంలోకి మార్చండి. బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా వేగిపోతాయి. చల్లారాక రెండు చేతులతో నలిపి, చేటలో వేసి చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. చేట లేకపోతే పళ్లెం వంచి ఊదండి. పొట్టు కొంచెం మిగిలినా పర్వాలేదు. పూర్తిగా ఉంచేస్తే మాత్రం పొడికి వగరు వస్తుంది.

అదే బాణలిలో రెండు చుక్కల నూనె వేసి ఒట్టిమిరపకాయలు వేయించండి. నూనె లేకుండా వేయిస్తే ఘాటు లేచి ఇల్లంతా దగ్గులే. కాయ ఉబ్బి, పట్టుకుంటే పెళుసుగా విరగాలి, నల్లబడకూడదు. అవి తీసి ధనియాలు, తర్వాత జీలకర్ర. జీలకర్రకు బాణలి వేడే చాలు, వేయగానే స్టవ్ ఆపేయండి. ఎండుకొబ్బరీ ఆ వేడి మీదే ఒక్కసారి తిప్పితే సరి. పప్పులు ముందే వేగినవి కాబట్టి వాటిని వేయించే పని లేదు.

మిరపకాయ గురించి ఒక మాట. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆదోని, ఆలూరు, ఉరవకొండ వైపు రైతులు పండించే మిరప చాలావరకు కర్ణాటకలోని బ్యాడగి మార్కెట్‌కు వెళ్తుంది. ఆ బ్యాడగి రకం ముడతలుగా, ముదురు ఎరుపుగా ఉంటుంది. రంగు ఎక్కువ, మంట తక్కువ. గుంటూరు రకాలు మంట ఎక్కువ. సగం అవి, సగం ఇవి వేస్తే తాలింపు ఎర్రగా కనబడుతుంది, పిల్లలూ తినగలుగుతారు. ఎనిమిది కాయలు మధ్యస్థంగా ఉండే లెక్క. మన వైపు కారానికి అలవాటుపడ్డ ఇళ్లలో పది, పన్నెండు వేసినా ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు మిక్సీ. అన్నీ ఒకేసారి వేసి తిప్పేయొద్దు, అదే అందరూ చేసే పొరపాటు. బుడ్డల్లో దాదాపు సగం నూనే. ఎక్కువసేపు తిరిగితే వేడెక్కి ఆ నూనె బయటికొచ్చి, పొడి కాస్తా ముద్దవుతుంది. ముందు మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, ఉప్పు వేసి మెత్తగా పట్టండి. తర్వాత కొబ్బరి, పప్పులు వేసి ఇంకొక్కసారి. అప్పుడు బుడ్డలు వేసి ఆపి ఆపి, రెండేసి సెకన్లు తిప్పండి. మధ్యలో మూత తీసి చెంచాతో కిందామీదా చేయండి. ఇడ్లీ రవ్వలా బరకగా ఉండగానే ఆపేయాలి. చివర్న తెల్లగడ్డ పాయలు పొట్టుతోనే వేసి రెండు తిప్పులు, అంతే. గుప్పిట్లో పట్టి నొక్కితే ఉండకట్టి, వేలితో తాకగానే విడిపోవాలి. అది సరైన పొడి.

రోలు ఉన్నవాళ్లు దయచేసి రోట్లోనే దంచండి. వరస అదే. పనికి పావుగంట ఎక్కువ పట్టినా, దంచిన బుడ్డల పొడికీ మిక్సీ పొడికీ వాసనలోనే తేడా తెలుస్తుంది. రోకలి దెబ్బకు గింజ నలుగుతుంది గానీ వేడెక్కదు.

సీసాలో దాచుకునే సగంలో తెల్లగడ్డ వేయకపోతే రెండు వారాలు బయటే ఉంటుంది. వేస్తే వారంలోపు వాడేయండి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

కాయ ఉడికించడం

చాలామంది బీన్స్‌ను కుక్కర్లో ఒక విజిల్ రానిస్తారు. తొందరలో తప్పదు, కాదనను. కానీ కుక్కర్లో ముక్క పాచిరంగులోకి మారి, అంచులు చెదిరిపోతాయి. ఆ మెత్తటి ముక్కల్లో పొడి వేసి కలిపితే తాలింపు కాస్తా ముద్ద కూరలా తయారవుతుంది.

నేను చెప్పేది ఇది. వెడల్పాటి గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్లు బాగా మరగనివ్వండి. ఒక చిన్న చెంచా ఉప్పు వేయండి. నీళ్లు తెర్లుతున్నప్పుడు ముక్కలు వేయండి. మూత పెట్టకండి. బీన్స్ వేడెక్కినప్పుడు వాటిలోంచి కొంచెం పులుపు గుణం ఆవిరితో బయటికి పోతుంది. మూత పెడితే అది మళ్లీ నీళ్లలోకే దిగి, పచ్చరంగును చెడగొడుతుంది. రంగు కోసం వంటసోడా వేస్తారు కొందరు. దాంతో రంగు నిలుస్తుంది, నిజమే. కాయ మాత్రం జావగా అయిపోతుంది, విటమిన్లూ పోతాయి. సోడా మాట మర్చిపోండి.

లేత కాయకు ఏడెనిమిది నిమిషాలు, నాటు బీన్స్‌కు పది నిమిషాలు పడుతుంది. అయినా గడియారాన్ని నమ్మొద్దు, నోటిని నమ్మండి. ఒక ముక్క తీసి కొరికితే కిర్రుమని శబ్దం రాకూడదు, పచ్చి వాసన రాకూడదు, లోపలి చిన్న గింజ మెత్తగా ఉండాలి. అదే సమయంలో ముక్క ఆకారం చెదరకూడదు. పచ్చి బీన్స్‌లో, ముఖ్యంగా లోపలి గింజలో, లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సగం ఉడికినవి ఎక్కువ తింటే కడుపునొప్పి, వాంతులు రావచ్చు. బాగా ఉడికితే ఆ ఇబ్బంది ఉండదు. కరకరలాడాలని సగం పచ్చిగా దించేయడం మంచిది కాదు.

ఎంతసేపటికీ ఉడకట్లేదా? నీళ్లను అనుమానించండి. మన జిల్లాల్లో చాలా చోట్ల బోరు నీళ్లు గట్టి నీళ్లు. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం, సబ్బుకు నురగ రాకపోవడం దాని గుర్తులు. ఆ నీళ్లలో కాల్షియం ఎక్కువ. కాయలో కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని అది ఇంకా బిగిస్తుంది. కందిపప్పు బోరు నీళ్లలో ఉడకదని, వంటకు వేరే నీళ్లు తెచ్చుకునేది అందుకే. బీన్స్‌కైనా తాగే ఫిల్టర్ నీళ్లు నాలుగు గ్లాసులు వాడండి, తేడా అప్పుడే కనిపిస్తుంది. చింతపండు, నిమ్మ, టమాటా కూడా ఇలాగే అడ్డుపడతాయి. పులుపు తగిలిన కాయ మెత్తబడదు, రంగూ మారుతుంది. పులుపు కావాలంటే ఉడికాకే.

ఉడకగానే చిల్లుల గిన్నెలోకి వంపేయండి. ఆ నీళ్లు పారబోయకండి. ఉప్పు ముందే ఉంది కాబట్టి చారులో పోసి, చారుకు వేసే ఉప్పు తగ్గించండి. చపాతీ పిండి కలపడానికీ బాగుంటాయి.

ఇక తడి పోగొట్టడం. చాలామంది వదిలేసే పని ఇదే. వంపిన ముక్కలను వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఉంచండి. వేడి ముక్క తన ఆవిరితోనే పైతడి ఆరబెట్టుకుంటుంది. చల్లనీళ్లు పోస్తే రంగు నిలుస్తుందని అంటారు. ఈ తాలింపుకు అది వద్దు, వదిలించుకున్న తడిని మళ్లీ తెచ్చుకున్నట్టవుతుంది. పళ్లెంలో పరిస్తే త్వరగా చల్లారి రంగు ఎలాగూ నిలుస్తుంది.

తిరగవాత, ఆ తర్వాత పొడి

బాణలిలో మూడు చెంచాల వేరుశనగ నూనె పోసి కాగనివ్వండి. గానుగ నూనె దొరికితే ఇంకా మంచిది, పొడిలోని బుడ్డల రుచికి అది చక్కగా తోడవుతుంది. ఆవాలు వేసి చిటపటలాడనివ్వండి, శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడనివ్వండి, కరివేపాకు వేయండి.

ఎర్రగడ్డ వేయాలా వద్దా అన్నది ఇంటింటికీ మారుతుంది. వేస్తే ఒక్క చిన్నదే, సన్నగా తరిగి. ఎర్రగడ్డలో నీళ్లు ఎక్కువ. రెండు మూడు వేస్తే వాటి తడి తాలింపంతా పట్టేస్తుంది. అంచులు బంగారు రంగు తిరిగేదాకా వేయించి, అప్పుడు పసుపు వేయండి. కర్నూలులో ఎర్రగడ్డల మార్కెట్ ఎంత పెద్దదో అందరికీ తెలుసు, అక్కడివాళ్లకు నేను ఒక్క గడ్డే వేయమంటే ఒప్పుకోకపోవచ్చు. అలాంటివాళ్లు ఎర్రగడ్డను విడిగా బాగా వేయించుకుని చివర్లో కలుపుకోండి.

ఇప్పుడు ఆరిన బీన్స్ వేసి, మంట పెంచి, మూడు నాలుగు నిమిషాలు వేయించండి. ఈ ఒక్కచోటే పెద్ద మంట. గరిటెతో రుద్దకండి, అట్లకాడతో కింది నుంచి పైకి తిరగేయండి. ముక్క మీద సన్నటి ముడతలు వచ్చి, అక్కడక్కడా చిన్న గోధుమ మచ్చలు పడతాయి. బాణలిలోంచి ఆవిరి రావడం తగ్గుతుంది, నూనె చిటచిటమనే శబ్దం పొడిగా వినిపిస్తుంది. ఆవిరి వస్తున్నంతసేపూ తడి ఉన్నట్టే, పొడి జోలికి వెళ్లకండి.

స్టవ్ ఆపండి. అర నిమిషం ఆగండి. అప్పుడు ఐదారు చెంచాల పొడి ముక్కల మీద పరుచుకునేలా చల్లి, అట్లకాడతో నెమ్మదిగా తిరగేయండి. మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి. బాణలి వేడికి తెల్లగడ్డ మెత్తబడుతుంది, బుడ్డల నూనె కొంచెం కరిగి పొడి ముక్కకు అతుక్కుంటుంది. మంట మీద పొడి వేస్తే ఈ పనులేవీ జరగవు. పప్పులూ కొబ్బరీ ముందు మాడతాయి, చేదు వస్తుంది.

ఉప్పు ఇప్పుడు చూడండి, ముందు కాదు. ఉడికించిన నీళ్లలో కొంత, పొడిలో కొంత ఇప్పటికే పడింది. చాలా ఇళ్లలో ఈ తాలింపు ఉప్పగా అయ్యేది అలవాటు కొద్దీ మూడోసారి వేయడం వల్లే.

ఏదైనా అటూఇటూ అయితే

పొడి వేశాక తడిగా అనిపిస్తే మళ్లీ మంట పెట్టొద్దు. ఒక చెంచా పప్పుల పొడి చల్లి కలపండి, తడిని పీల్చేస్తుంది. ఉగ్గాని చేసే ఇళ్లలో పప్పుల పొడి ఎప్పుడూ ఉండేదే కదా. కారం ఎక్కువైతే కారం లేని బుడ్డల పొడి ఇంకో రెండు చెంచాలు వేయండి, వడ్డించేటప్పుడు కొంచెం నెయ్యి. ఉప్పు ఎక్కువైతే ఉప్పు లేకుండా ఉడికించిన ఉర్లగడ్డ ముక్కలు కలిపితే సర్దుకుంటుంది. పొడి మాడి చేదొస్తే మాత్రం బాగుచేయడానికి దారి లేదు. ఏమేం కలిపినా ఆ చేదు పోదు.

బీన్స్ దొరకని రోజుల్లో

ఇదే పద్ధతికి మటిక్కాయలు (గోరుచిక్కుడు) బాగా సరిపోతాయి. అసలు మన నేలకు సరైన కాయ అదే. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఆ కొద్దిపాటి తడికే మటిక్కాయ చెట్టు నిలబడి కాస్తుంది. ఉడకడానికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది, నార తప్పకుండా తీయాలి. కొంచెం వగరు ఉంటుంది కాబట్టి వేయించేటప్పుడు బఠాణీ గింజంత బెల్లం వేయండి. బీన్స్ కన్నా పొడి ఒక చెంచా ఎక్కువ పడుతుంది.

అలసంద కాయలు లేతగా ఉంటే ఐదారు నిమిషాల్లోనే ఉడికిపోతాయి, దగ్గరుండి చూసుకోండి. ఉపవాసాలప్పుడు తెల్లగడ్డ, ఎర్రగడ్డ లేకుండా చేయాలంటే ఈ పొడి కాకుండా, అరగంట నానబెట్టిన పెసరపప్పును తిరగవాతలో వేసి, కొంచెం నీళ్లు చిలకరించి మూత పెట్టి మెత్తబడనిచ్చి, బీన్స్‌తో కలిపి, చివర్న పచ్చికొబ్బరి చల్లండి. అది వేరే రుచి, దాని స్థానం దానిది.

దేంట్లోకి

జొన్న రొట్టె వేడిగా ఉండగా దీనితో తింటే ఇంకేమీ అక్కర్లేదు. రొట్టె మీద కొంచెం నూనో వెన్నో రాసుకుంటే గొంతు పట్టదు. సంగటికి పక్కన పులుసు ఉండాలి, తాలింపు ఒక్కటే అయితే పొడిగా అనిపిస్తుంది. పెరుగన్నంలోకి నంజుకోవడానికి ఇది నాకు అన్నింటికన్నా ఇష్టం. చల్లటి పెరుగన్నం, కారంగా బుడ్డల పొడి పట్టిన ముక్క, ఎండాకాలం మధ్యాహ్నం కడుపు నిండా తినొచ్చు.

బాక్సులో పెట్టేటప్పుడు పూర్తిగా చల్లారాకే మూత బిగించండి. వేడి మీద మూస్తే మూతకు పట్టిన ఆవిరి చుక్కలు తాలింపు మీదే పడి, ఇంత కష్టపడి పోగొట్టిన తడి మళ్లీ వచ్చేస్తుంది. పొద్దున చేసినది మధ్యాహ్నానికి బాగుంటుంది. బుడ్డలూ కొబ్బరీ ఉన్నాయి కాబట్టి ఎండాకాలంలో సాయంత్రం దాకా బయట ఉంచకండి. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాణలిలో సన్న మంట మీద, నూనె వేయకుండా, ఒక నిమిషం వెచ్చబెట్టుకోండి. రెండు గరిటెల అన్నం కూడా అందులోనే వేసి కలిపితే పొద్దున పలహారానికి సరిపోతుంది.